కొండ దగ్గర రెండు రాత్రులు, ఒకే దృశ్యం: కొరాపుట్ వైపు టెంటు వేసుకుని బొమ్మలు వేయడం ఎలా

ఒడిశా కొరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ చూడ్డానికి పొద్దున బయల్దేరే బండ్లు పైకి చేరేసరికి తొమ్మిదో పదో అవుతుంది. అప్పటికి లోయలో మంచు విడిపోతుంది. కొండల మడతల్లో నీడలు పోయి, దగ్గరి కొండా దూరపు కొండా ఒకే రంగులోకి వచ్చేస్తాయి. సెల్ఫీకి ఆ వెలుగు చాలు. బొమ్మ వేసేవాళ్లకి మాత్రం చాలదు. మనకి కావలసింది పొద్దు పొడిచాక మొదటి గంటన్నర, సాయంత్రం పొద్దు వాలే ముందు గంటన్నర. ఆ రెండు పూటలూ కొండ దగ్గర ఉండాలంటే రాత్రి కూడా అక్కడే ఉండాలి. టెంటు అందుకే.

ఈ విషయం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ దానికి తగ్గట్టు కుదురుతాయి. ఎక్కడ దిగాలి, టెంటు ఎటు వేయాలి, వంట ఎప్పుడు, సంచిలో ఏం ఉండాలి, అన్నీ ఆ రెండు పూటల చుట్టూనే. ఊళ్లు తిరగడానికి వెళ్లి, మధ్యలో వీలైతే బొమ్మ వేద్దాం అనుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. అందుకని నా మాట విని రెండు రాత్రులు ఒకే చోట ఉండండి, ఒకే దృశ్యాన్ని నాలుగుసార్లు వేయండి. నాలుగు చోట్లు తిరిగి నాలుగు బొమ్మలు తెచ్చుకోవడం కన్నా అది ఎంతో ఎక్కువ నేర్పుతుంది.

రాయగడ, జయపురం, సునాబెడ, పర్లాకిమిడి, బరంపురంలో ఉండే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విశాఖ నుంచి వచ్చేవాళ్లకి కిరండూల్ రైలు లైను, విజయనగరం నుంచి వచ్చేవాళ్లకి రాయగడ లైను ఉన్నాయి కాబట్టి వాళ్లకీ పనికొస్తుంది.

ముందు నెల చూసుకోండి

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ కార్తీకమాసం రోజుల్లో కొరాపుట్ మెరక పొలాల్లో వలిసె అనే నూనెగింజల పైరు పూస్తుంది. ఎర్రమట్టి గట్ల మధ్య పసుపు, వెనక నీలం కొండలు. ఈ మూడు రంగులూ ఒకే చోట దొరికే కాలం అదొక్కటే. సంక్రాంతి నాటికి వరి కోతలై పొలాలు గడ్డి రంగులోకి తిరుగుతాయి, గాలి పొడిగా ఉంటుంది, కాగితం త్వరగా ఆరుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి జనవరే సులువు. ఫిబ్రవరి చివర, మార్చిలో మోదుగ పూస్తుంది, ఆకు రాలిన కొమ్మల గీతలు బాగా కనిపిస్తాయి. కాకపోతే దూరపు కొండలు మసకలో పడిపోతాయి.

అక్టోబరు మొదటి సగం మీద నాకు నమ్మకం లేదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు. ఆ రోజుల్లో గంజాం, గజపతి వైపు వెళ్లాలనుకుంటే వాతావరణశాఖ హెచ్చరికలు చూసి, చిన్న అనుమానం ఉన్నా వాయిదా వేయండి. వానాకాలంలో పచ్చదనం ఎంత ఊరించినా టెంటు వద్దు, పిడుగులు పడే కొండలివి. మే మధ్యలో ఈ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడంటూ ఉండదు, నీడ లేకపోతే వేయడానికి ఆకారమూ ఉండదు.

చోటు కన్నా దిక్కు ముఖ్యం

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. పేరు చూసి అందరూ పైకే ఎక్కుతారు. బొమ్మకి పై నుంచి చూసిన దృశ్యం చాలా కష్టం. అంతా కిందే ఉంటుంది, ముందు భాగంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, గాలి కాగితాన్ని నిలవనివ్వదు. కింద సిమిలిగూడ, కుందులి వైపు పల్లెల దగ్గర, పొలంగట్టు మీంచి కొండని చూస్తూ కూర్చోండి. గట్టు, చెట్టు, పొలం, కొండ, ఆకాశం వరసగా దొరుకుతాయి.

కొరాపుట్ పక్కనే కొలాబ్ జలాశయం ఉంది, తెల్లవారుజామున గాలి లేనప్పుడు నీళ్లలో కొండలు తలకిందులుగా నిలబడతాయి. మాచ్‌ఖండ్ నది మీది డుడుమా జలపాతం దాదాపు 175 మీటర్లు దూకుతుంది. చూడ్డానికి అద్భుతం, కానీ తుంపర కాగితాన్ని తడిపేస్తుంది, దూరం నుంచి పెన్సిల్‌తో గీసుకోవడానికి బాగుంటుంది. గజపతి జిల్లాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి, దాని మీద పాత రాతి గుళ్లు ఉన్నాయి. శివరాత్రికి జనం విపరీతం, ఆ వారం వదిలేయండి. కొండలు కాకుండా నీళ్లు కావాలనుకుంటే చిలికా దక్షిణపు చివర రంభ ఉంది. అక్కడ టెంటు కన్నా ఒడ్డున గది తీసుకుని తెల్లారకముందే రేవుకి నడవడం మేలు.

ఏ చోటైనా ముందు ఫోన్‌లో దిక్సూచి తీయండి. ఉత్తరానికో దక్షిణానికో చూస్తూ కూర్చునే చోటు వెతకండి. అప్పుడు పొద్దున వెలుగు ఒక పక్క నుంచి, సాయంత్రం రెండో పక్క నుంచి పడుతుంది. కొండకి ఒక వైపు వెలుగు, ఇంకో వైపు నీడ వస్తాయి, ఆకారం దానంతట అదే లేస్తుంది. తూర్పుకి చూస్తే తెల్లవారుజామున కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కనిపిస్తాయి, అది చాలా అందం. అయితే సూర్యుడు కొండ దాటి పైకి వచ్చేలోపు బొమ్మ అయిపోవాలి, తర్వాత కళ్లు తెరవలేరు. పడమటికి చూస్తే పొద్దున వెలుగు మీ వెనక నుంచి కొండ మీద నేరుగా పడి అన్నీ చదునుగా కనిపిస్తాయి. మొదటిసారికి ఉత్తరం, దక్షిణం, ఇంకో ఆలోచన వద్దు.

అడిగి దిగండి

ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ టెంటు వేసే ప్రాంతం కాదిది. రిజర్వు ఫారెస్టులో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఒడిశా అటవీశాఖ ఎకోటూర్ ఒడిశా పేరుతో నేచర్ క్యాంపులు నడుపుతోంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి, మొదటిసారి వెళ్లేవాళ్లకి అవే మంచివి. మరుగుదొడ్డి ఉంటుంది, మనుషులుంటారు, మీ ధ్యాసంతా బొమ్మ మీదే పెట్టుకోవచ్చు.

పల్లె దగ్గర దిగితే ఊరి పెద్దని కలవండి. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు నడుస్తుంది గానీ పైన పల్లెల్లో దేశియా, కువి మాట్లాడతారు. ఒడియా కొద్దిగా వస్తే పని జరుగుతుంది. "ఏఠి రాతిరె రహిపారిబు కి?" అని నవ్వుతూ అడిగితే చాలు, రాత్రి ఇక్కడ ఉండొచ్చా అని అడిగినట్టు. బొమ్మలు వేసుకోవడానికి వచ్చామని చెప్పి స్కెచ్ పుస్తకం చూపించండి. పొలంలో దిగితే డబ్బులివ్వండి, కట్టెలు, నీళ్లు, కోడిగుడ్లు వాళ్ల దగ్గరే కొనండి. ఊరికి కనిపించేంత దూరంలో ఉండండి. దాక్కున్నట్టు దూరంగా దిగితే అనుమానమూ వస్తుంది, ఆపద వస్తే ఎవరికీ వినపడదు కూడా.

ఇది ఆంధ్రా ఒడిశా సరిహద్దు. పోలీసులు ఆపి అడగడం ఇక్కడ మామూలే. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, దగ్గర్లోని స్టేషన్‌లో ఫలానా చోట ఉంటున్నామని చెప్పి వెళ్లండి. డ్యాములు, పవర్‌హౌస్‌లు, సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఫొటోలూ బొమ్మలూ వద్దు. జలాశయం వేయాలంటే డ్యాముకి దూరంగా, వెనక నీళ్ల వైపు వెళ్లండి. అందం కూడా అటే ఉంటుంది.

సంచి

ఆయిల్ రంగులు ఇంటి దగ్గర ఉంచండి. తడి ఆరని బొమ్మల్ని టెంటులో పెట్టుకుని పడుకోలేం, టర్పెంటైన్ పొయ్యి దగ్గర నిప్పంటుకుంటుంది. అక్రిలిక్ ఎండలో ప్లేటు మీదే గట్టిపడిపోతుంది. నీటిరంగులు, తోడుగా ఒక తెల్ల గౌష్ (కింది రంగుని కప్పేసే చిక్కటి నీటిరంగు) ట్యూబు, ఇవి చాలు.

రంగులు ఆరు: అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియన్నా, ఎల్లో ఓకర్, లెమన్ ఎల్లో, క్రిమ్సన్, సాప్ గ్రీన్. కామ్లిన్ ఆర్టిస్ట్ ట్యూబులైనా పర్లేదు, పిల్లల కేకులు మాత్రం వద్దు. రంగుల్లో మిగిల్చిన డబ్బు కాగితం మీద పెట్టండి. 300 జీఎస్ఎం మందం ఉన్న కాటన్ కాగితం కొని, 22 అంగుళాలకి 30 ఉండే పెద్ద షీటుని ఎనిమిది ముక్కలు చేసుకోండి. ఒక్కో ముక్క సుమారు 11 అంగుళాలకి ఏడున్నర. గంటలో పూర్తయ్యే సైజు అది. రెండు గుండ్రటి కుంచెలు, ఆకాశానికి ఒక వెడల్పు కుంచె. అట్టకి బదులు పిల్లలు పరీక్షలకి తీసుకెళ్లే ప్యాడ్ పెట్టుకోండి, క్లిప్పుతో సహా వస్తుంది. మాస్కింగ్ టేపు, 4బీ పెన్సిల్, రబ్బరు, మడిచే స్టూలు, చెయ్యి తుడుచుకోవడానికి పాత లుంగీ గుడ్డ. గొడుగు తెల్లదో నల్లదో అయి ఉండాలి. రంగుల గొడుగు కింద కూర్చుంటే ఆ రంగు కాగితం మీద పడుతుంది, ఇంటికొచ్చి చూస్తే బొమ్మ వేరేగా ఉంటుంది. నల్ల కళ్లద్దాలు కూడా వేసేటప్పుడు తీసేయండి.

కాగితాల్ని జిప్ కవర్లో పెట్టడం మర్చిపోకండి. శీతాకాలం రాత్రుళ్లు ఇక్కడ మంచు టెంటు లోపలి దాకా వస్తుంది. తేమ తగులుతూ ఉంటే నీళ్లు వెంటనే ఇంకకుండా కాగితానికి పూసిన సైజింగ్ అనే జిగురు పూత దెబ్బతింటుంది, రంగు వేస్తే అక్కడక్కడ మచ్చలుగా ఇంకిపోతుంది.

మిగతా సామాను మామూలే: నేలమీద తడి ఆపే షీటు, మందమైన రగ్గులు, తలకి కట్టుకునే టార్చి, చిన్న గ్యాస్ స్టవ్, మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన నీళ్లు. దేవమాలి వైపు డిసెంబరు రాత్రుళ్లు పది డిగ్రీల కిందకి దిగుతుంది. చలికి చేతి వేళ్లు కొయ్యబారితే కుంచె ఆడదు, వేళ్ల కొనలు కత్తిరించిన ఊలు తొడుగులు ఒక జత పెట్టుకోండి. కొరాపుట్, రాయగడ మలేరియా ఉండే జిల్లాలు. దోమతెర ఉన్న టెంటు, నిండు చేతుల చొక్కా, ఓడోమాస్ తప్పనిసరి.

తిండికి ఎక్కువ హడావిడి పెట్టుకోకండి. అటుకులు, ఉప్మా రవ్వ, ఉల్లిపాయలు, మామిడి తాండ్ర. దారిలో సంత తగిలితే చిలగడదుంపలు కొనండి, ఉడకబెట్టి పెట్టుకుంటే తెల్లవారుజామున పొయ్యి వెలిగించే పని లేకుండా తినొచ్చు. ఆ పూట అన్నిటికన్నా విలువైనది టైమే.

టెంటు ఎక్కడ

మధ్యాహ్నం రెండు గంటలకల్లా చేరండి. ముందు కూర్చునే చోటు ఎంచుకోండి, తర్వాతే టెంటు. రెండిటి మధ్య యాభై అడుగుల కన్నా ఎక్కువ దూరం ఉండకపోతే మంచిది, చీకట్లో సామాను మోసుకుంటూ వెతుక్కోనక్కర్లేదు. టెంటు మీ దృశ్యంలోకి రాకూడదు. దాని పక్కన కూర్చుని వేయకూడదు కూడా. నారింజ రంగు గుడ్డ మీద ఎండ పడితే ఆ వెలుగంతా మీ కాగితం మీదకి వస్తుంది.

గెడ్డ (వాగు) ఒడ్డున పల్లంలో దిగకండి. చలిగాలి పల్లంలోకే జారి నిలబడుతుంది, మంచూ అక్కడే ఎక్కువ. కొద్దిగా మెరక మీద, ఎండిన కొమ్మలు లేని చెట్టు అండలో వేయండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్టు కింద మాత్రం వద్దు, రాలిన పువ్వు తినడానికి ఎలుగులు వస్తాయి. గజపతి, రాయగడ జిల్లాల్లో ఏనుగులు తిరిగే దారులున్నాయి. ఈమధ్య ఎటు తిరిగాయో ఊళ్లో అడగండి, వాళ్లు వద్దన్న చోట దిగకండి. తిండి సామాను టెంటులో తల దగ్గర పెట్టుకోవద్దు. చలిమంట వేస్తే మట్టి నేల మీద చిన్నది, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పాలి. ఫిబ్రవరి తర్వాత ఎండుటాకు నేలంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి మంటే వద్దు.

మొదటి సాయంత్రం: రంగు ముట్టుకోకండి, కాసేపైనా

టెంటు వేశాక స్కెచ్ పుస్తకం, పెన్సిల్ మాత్రమే తీసుకుని అరగంట నడవండి. అట్ట ముక్కలో అగ్గిపెట్టెంత కిటికీ కోసి, ఒక కన్ను మూసి దానిలోంచి చూడండి. కొండల విస్తారం కళ్ల ముందు ఉంటే అంతా బొమ్మలోకి తేవాలనిపిస్తుంది. కిటికీ ఆ ఆశని అదుపులో పెడుతుంది. నచ్చిన నాలుగైదు చోట్ల అగ్గిపెట్టె సైజులోనే గీయండి. ఒక్కో దానిలో మూడే టోన్లు: తెల్ల కాగితం, మధ్యస్థం, నలుపు. కళ్లు సగం మూసి చూస్తే చిన్నచిన్న వివరాలు పోయి ఈ మూడే మిగులుతాయి. ఆ చిన్న బొమ్మ చేయి చాచి పట్టుకున్నా చదవగలిగేలా ఉంటే అదే మీ దృశ్యం. కాకపోతే ఇంకో పది అడుగులు జరగండి, చాలాసార్లు అంతే కావాల్సింది.

డిసెంబరులో కొరాపుట్ దగ్గర పొద్దు ఐదున్నరకి ముందే కుంగుతుంది. నాలుగింటికి కూర్చుని మొదటి రంగుల బొమ్మ వేయండి. సాయంత్రపు ఎర్రమట్టి దారిని చూడండి. ఎండ పడినచోట అది బర్న్ట్ సియన్నాలో కొద్దిగా ఎల్లో ఓకర్ కలిపిన రంగు. చెట్టు నీడ పడినచోట చాలామంది గోధుమరంగో నలుపో వేస్తారు, అక్కడ నిజానికి ఊదా కనిపిస్తుంది. అల్ట్రామెరీన్, క్రిమ్సన్, చిటికెడు బర్న్ట్ సియన్నా కలిపి పల్చగా ఒక్కసారి వేసి వదిలేయండి, మళ్లీ రుద్దకండి. నీడ పొడవు నిమిషాల్లో మారిపోతుంది. కాబట్టి కూర్చోగానే నీడల అంచుల్ని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆఖరి దాకా ఆ గుర్తులకే కట్టుబడండి. నీడ జరిగినప్పుడల్లా దాని వెంట పడితే బొమ్మ చెడిపోతుంది.

పడుకునే ముందు మర్నాటి సామాను తల దగ్గర సిద్ధం చేసుకోండి. కాగితం ప్యాడ్‌కి టేపు అంటించి, రంగులు ప్లేటులో పిండి, నీళ్ల సీసా నింపి కవర్లో పెట్టేయండి.

తెల్లవారి బొమ్మ

దీనికోసమే ఇంత దూరం వచ్చాం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

డిసెంబరులో పొద్దు ఆరున్నరకి కాస్త ముందు పొడుస్తుంది. ఐదున్నరకి లేచి, దుంపో అటుకులో తిని, ఆరింటికల్లా స్టూలు మీద ఉండండి. మొదటి పది నిమిషాలు ఊరికే చూడండి. లోయలో మంచు పాలలా నిలబడి ఉంటుంది, దాని పైన కొండల తలలు మాత్రమే తేలుతుంటాయి. వలిసె పూసే రోజులైతే ఆ పొలం ఇంకా వెలగదు. వెలుగు లేని ఆ పసుపు ఓకర్‌కి దగ్గరగా ఉంటుంది, ఎండ తగిలిన నిమిషంలో నిమ్మపండు రంగుకి వస్తుంది. నీటిరంగుల్లో లేతది ముదురుపైన వేయలేం. అందుకని ఎండ రాకముందే నిర్ణయించుకోవాలి: వెలగని పొలమా, వెలిగే పొలమా? మొదటి తెల్లవారున వెలగనిది వేయండి, రెండో తెల్లవారుకి వెలిగేది ఉంచండి.

పెన్సిల్ గీతలు ఐదారుకి మించొద్దు. ఆకాశం ఎక్కడ ఆగుతుంది, కొండ తల ఎక్కడ, పొలం అంచు ఎక్కడ. కాగితం మధ్యలో ఆకాశాన్ని నేలతో సగం సగం చేయకండి.

వెడల్పు కుంచెతో ఆకాశం నుంచి పొలం అంచు దాకా మంచినీళ్లతో తడపండి. పైన అల్ట్రామెరీన్ చాలా పల్చగా, కిందకి వచ్చేకొద్దీ కొద్దిగా క్రిమ్సన్, ఓకర్ తగిలించండి. మంచు ఉన్నచోట ఏమీ వేయొద్దు, కాగితమే మంచు. అదే ఊపులో పొలం మీద ఓకర్ పొర ఒకటి వేసేయండి. ఇప్పుడు ఆరనివ్వాలి.

ఇక్కడే ఓపిక కావాలి. చలిలో, ఆ తేమలో ఇంటి దగ్గర ఐదు నిమిషాల్లో ఆరేది ఇరవై నిమిషాలు పట్టొచ్చు. తొందరపడి తడి మీద కొండ వేస్తే అంచు పూసుకుపోతుంది. స్టవ్ మీద పెట్టి ఆరబెట్టే ప్రయత్నం చేయకండి, కాగితం మెలితిరుగుతుంది. కారులో వచ్చినవాళ్లు ఇంజన్ కాసేపు నడిపి వెచ్చటి బానెట్ మీద పెట్టుకోవచ్చు. నేను చెప్పే దారి వేరే: ఒకే దృశ్యానికి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి ఆరుతుండగా రెండోదాని మీద పని చేయండి. రెండోది మొదటిదానికన్నా ధైర్యంగా వస్తుంది.

ఆరాక అన్నిటికన్నా దూరపు కొండ. అల్ట్రామెరీన్‌లో చుక్క క్రిమ్సన్, బోలెడు నీళ్లు. పై అంచు ఒకే గీతగా స్పష్టంగా లాగండి. రంగు తడిగా ఉండగానే కుంచె కడిగి, గుడ్డకి ఒత్తి, ఆ తడి కుంచెతో కొండ కింది అంచుని కిందకి జార్చండి. పైన గట్టి అంచు, కింద ఏమీ లేకుండా కరిగిపోయిన అంచు. కళ్ల ముందు మంచు పుట్టుకొస్తుంది. ఇది చూసిన ప్రతిసారీ నాకు అంతే సంతోషం. ఆరాక దాని ముందు కొండ, అల్ట్రామెరీన్‌కి బర్న్ట్ సియన్నా తోడై ఇంకొంచెం ముదురుగా, అదే పద్ధతి. ఇలా మూడు వరసలు వేస్తే చాలు. దూరం పోయేకొద్దీ కొండ లేతబడుతుంది, నీలం తిరుగుతుంది, అంచుల మధ్య తేడా తగ్గుతుంది. దగ్గరికి వచ్చేకొద్దీ వేడి రంగులు, ముదురు టోన్లు వస్తాయి. ఈ క్రమం తప్పకపోతే మిగతా లోపాలు కనపడవు.

ఆఖర్న దగ్గరి గట్టు, చెట్టు. సాప్ గ్రీన్ ట్యూబులోంచి తీసింది తీసినట్టు వేస్తే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది. దానికి బర్న్ట్ సియన్నా కలిపితే మన చెట్టు పచ్చ వస్తుంది. వలిసె పువ్వులు ఒక్కొక్కటి చుక్కలు పెట్టకండి. దగ్గరి మూలలో మాత్రం లెమన్ ఎల్లోలో తెల్ల గౌష్ కలిపి ఏడెనిమిది చుక్కలు వేస్తే కంటికి పొలమంతా పూలే అనిపిస్తుంది.

ఎనిమిదింటికి ఆపేయండి. పూర్తి కాకపోయినా సరే. వెలుగు మారాక చేసే దిద్దుబాట్లు రెండు వేర్వేరు పూటల్ని ఒకే కాగితం మీద కలిపేస్తాయి. మిగిలింది ఇంకో తెల్లవారున చూసుకోవచ్చు, రెండు రాత్రులు ఉండమన్నది అందుకే.

మధ్యాహ్నం

వంట, స్నానం, నిద్ర అన్నీ పది నుంచి మూడు మధ్యే. ఆ చదును వెలుగులో పెన్సిల్ పని బాగా సాగుతుంది: ఇప్పచెట్టు కొమ్మలు ఎలా విడిపోతాయి, చోడి (రాగి) కుప్ప ఎలా పేరుస్తారు, పెంకుటిల్లు చూరు ఏ కోణంలో దిగుతుంది. ఇవి తెలిస్తే పొద్దుటి బొమ్మలో రెండు కుంచె దెబ్బల్లో ఇల్లు నిలబడుతుంది.

సంతకి వెళ్తే మనుషుల్ని గీయాలనిపిస్తుంది. ముందు అడగండి. వద్దంటే పుస్తకం మూసేయండి. ఒనుకుడెల్లిలో గురువారం సంతకి బోండా గిరిజనులు వస్తారు. వాళ్లని చూడ్డానికి, ఫొటోలు తీయడానికి ఎగబడేవాళ్లతో వాళ్లు విసిగిపోయి ఉన్నారు, ఆ గుంపులో మీరు ఒకరు కాకండి. పిల్లలు చుట్టూ మూగితే మాత్రం ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. మిమ్మల్ని ఉండనిచ్చిన ఊరివాళ్లకి ఒక చిన్న బొమ్మ వేసి ఇవ్వండి. వాళ్ల కొండ వాళ్లింట్లో గోడ మీద ఉండాలి కదా.

సాయంత్రం మళ్లీ అదే స్టూలు, అదే దృశ్యం. వెలుగు రెండో పక్క నుంచి వస్తుంది. పొద్దున నీడలో ఉన్న లోయ ఇప్పుడు తెరుచుకుని, కొండలో మీరు చూడని మడత ఒకటి కనిపిస్తుంది. నాలుగో బొమ్మకి, అంటే రెండో తెల్లవారుకి, ఆ మడత మీ చేతికి తెలిసి ఉంటుంది. అప్పుడు కావాలంటే పెద్ద కాగితం తీయండి, పావు షీటు, 15 అంగుళాలకి 11.

రంగు నీళ్లు

కుంచెలు గెడ్డలో కడగకండి. ఆ నీళ్లే కింద ఊరివాళ్లు తాగుతారు, పశువులు తాగుతాయి. కాడ్మియం, కోబాల్ట్ కలిసిన రంగులు విషం. సీసాలోనే కడిగి, నీటికి దూరంగా చిన్న గొయ్యి తీసి అందులో పోసి మట్టి కప్పండి. తాగే గ్లాసు, రంగుల గ్లాసు వేర్వేరుగా గుర్తు పెట్టుకోండి, కుంచె మొనని నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు ఉంటే మానండి. టేపు ముక్కలు, ఖాళీ ట్యూబులు, పాల ప్యాకెట్లు, అన్నీ సంచిలో వెనక్కి.

ఇంటికొచ్చాక

బొమ్మల వెనక పెన్సిల్‌తో రాయండి: ఊరు, తేదీ, టైము, ఏ దిక్కుకి చూశారు, ఏ రంగులు కలిపారు. ఈ పని వెంటనే చేయాలి, వారం పోతే పొద్దుటి నీలం, సాయంత్రపు నీలం తేడా గుర్తుండదు. కాగితం వంకర తిరిగి ఉంటే బోర్లా తిప్పి, వెనక వైపు మాత్రం తడి గుడ్డతో తుడిచి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి మీద బరువైన పుస్తకాలు వేయండి. మర్నాటికి చదునవుతుంది. ఆ తర్వాత అన్నిటినీ గోడకి వరసగా టేపుతో అంటించి వారం రోజులు కళ్ల ముందు ఉంచండి, పెద్ద బొమ్మ వేయాలనుకుంటే దేన్ని ఆధారం చేసుకోవాలో ఈలోపు తెలిసిపోతుంది.

ఒకటి రెండు నెలల్లోపు జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా మలేరియా పరీక్ష చేయించుకోండి. కొరాపుట్ కొండల్లో రాత్రుళ్లు ఉన్నామని డాక్టరుకి మీరే ముందు చెప్పండి.